ఆరు యూనిట్లు ఎక్కువైతే మొత్తం సాయం పోవాలా?

సంపాదకులకు,

నమస్కారం.

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభించి, మార్చి 1 నుంచి జీరో బిల్లుల రూపంలో అమలు చేస్తున్న గృహజ్యోతి పథకంలోని ఒకే ఒక్క షరతు గురించి ఈ లేఖ రాస్తున్నాను. తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు వాడితే బిల్లు కట్టనక్కర లేదు, ఆ మొత్తాన్ని ప్రభుత్వమే పంపిణీ సంస్థకు చెల్లిస్తుంది. 200 దాటితే మాత్రం దాటిన యూనిట్లకే కాక, మొదటి యూనిట్ నుంచి చివరి యూనిట్ వరకు మొత్తం బిల్లును ఆ కుటుంబమే కట్టుకోవాలి. ఈ రెండో భాగాన్ని సవరించాలని నా విన్నపం. పథకం మంచిదా, చెడ్డదా అనే చర్చ జోలికి నేను వెళ్లడం లేదు. నేను పెన్షనర్ని, నాకు తెల్ల కార్డు లేదు, నా బిల్లు నేనే కట్టుకుంటాను, కాబట్టి ఈ సవరణ వల్ల నాకు పైసా లాభం లేదని కూడా ముందే చెప్పుకోవడం మర్యాద.

మేముండేది మల్కాజిగిరిలో. మా ఇంటి కింది పోర్షన్‌లో ఆరేళ్లుగా ఒక కుటుంబం అద్దెకుంటోంది. అతను ఆటో నడుపుతాడు, ఆమె ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల గౌన్లు కుడుతుంది, ఇద్దరు పిల్లలు, అతని తల్లి. పోర్షన్‌కు వేరే మీటరు ఉంది. అద్దెకున్నవారికి కూడా పథకం వర్తిస్తుంది కనుక, 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన కార్యక్రమంలో దరఖాస్తులు తీసుకున్నప్పుడు వాళ్లు తమ రేషన్ కార్డును, ఆధార్‌ను ఆ మీటరు సర్వీసు నంబరుతో జత చేయించుకున్నారు, ఆ తరువాత జీరో బిల్లు అందుకున్నారు. మొదటిసారి ఆ చీటీ చేతికొచ్చిన రోజున ఆమె దాన్ని పైకి తెచ్చి మా ఆవిడకు చూపించి, దాచుకోవాలా పారేయవచ్చా అని అడిగింది.

మొన్నటి మే నెల బిల్లు మాత్రం జీరో కాలేదు. 206 యూనిట్లు వచ్చాయి. ఆ నెల రీడింగ్ సరిగ్గా ముప్పయ్యో రోజునే తీశారు, మీటరులో తేడా లేదు, లెక్కలో తప్పు లేదు, కాబట్టి ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఏమీ లేకపోయింది. అందరూ తమ పని సరిగ్గా చేసిన తరువాత కూడా ఒక పేద ఇంటికి అన్యాయం జరిగిందంటే, ఆ తప్పు నిబంధనలోనే ఉన్నదని నాకు అనిపించింది. ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆరు యూనిట్లే కదా బాబాయ్ గారూ ఎక్కువైంది, ఆ ఆరింటికీ కడతాను, మిగతా రెండొందలు ఏం పాపం చేశాయి?"

ఆ ప్రశ్నకు లెక్కల్లో జవాబు వెతికాను. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి 2022-23 టారిఫ్ ఉత్తర్వుతో వచ్చిన ధరల ప్రకారం, నెల వినియోగం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వంద యూనిట్లకు యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తరువాతి వందకు 4 రూపాయల 80 పైసలు. అంటే 200 యూనిట్లు వాడిన ఇంటికి ఇంధన చార్జీలు 820 రూపాయలు. వినియోగం 200 దాటిందంటే ఆ ఇల్లు వేరే శ్లాబులోకి వెళ్తుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ పైన 300 వరకు 7 రూపాయల 70 పైసల చొప్పున పడుతుంది. కింది పోర్షన్ వాళ్ల 206 యూనిట్లకు 1,020 రూపాయలు, దానికి 46 రూపాయల 20 పైసలు కలిపి 1,066 రూపాయల 20 పైసలు. స్థిర చార్జీలు, వినియోగదారుల చార్జీలు, విద్యుత్ సుంకం వీటికి అదనం.

పథకంతో సంబంధం లేకుండా బిల్లు కట్టుకునే నా వంటివాడు 200 యూనిట్ల నుంచి 201కి వెళ్తే అతని ఇంధన చార్జీలు 820 నుంచి 1,027 రూపాయల 70 పైసలకు పెరుగుతాయి. ఆ ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు. ఇది కూడా ఎక్కువే, దీని మీద వేరే లేఖ రాయవచ్చు. కానీ తెల్ల కార్డు ఉన్న ఇల్లు అదే ఒక్క యూనిట్ దాటితే సున్నా నుంచి నేరుగా 1,027 రూపాయల 70 పైసలకు వెళ్తుంది. స్తోమత ఉన్నవాడు మెట్టు ఎక్కుతున్నాడు, లేనివాడు గట్టు మీంచి పడుతున్నాడు. పేదవారి కోసం పెట్టిన పథకంలోనే పేదవారికి పెద్ద దెబ్బ తగిలే ఏర్పాటు ఉండడం, దాన్ని రూపొందించినవారు కావాలని చేసిన పని కాదనే నేను నమ్ముతున్నాను. 200 అనే అంకె సాయాన్ని కొలవడానికి పెట్టినది. అది సాయం ఎంతవరకు అన్నదానికి హద్దుగా ఉండాల్సింది పోయి, సాయం ఉండాలా వద్దా అన్నదానికి హద్దుగా మారిపోయింది.

నేను ముప్పయ్యొక్క సంవత్సరాలు ప్రభుత్వ పద్దుల తనిఖీలో పనిచేశాను. మా వృత్తిలో ఎప్పుడూ పాటించే పద్ధతి ఒకటుంది. ఒక ఉద్యోగి తన హోదాకు మించిన తరగతిలో ప్రయాణించి టీఏ బిల్లు పెట్టాడనుకుందాం. మేము ఆ బిల్లు మొత్తాన్ని కొట్టివేయం. ఎర్ర సిరాతో 'అర్హత మేరకు కుదించడమైనది' అని రాసి, అతనికి అర్హత ఉన్న తరగతి చార్జీని మంజూరు చేసి, మించిన సొమ్మును మాత్రమే తిరస్కరిస్తాం. హాస్టల్ గ్రాంటులో ఒక పద్దు కింద పరిమితికి మించి ఖర్చయితే అభ్యంతరం మించిన మేరకే ఉంటుంది గాని, పిల్లలు అప్పటికే తిన్న భోజనం మొత్తానికి వార్డెన్ దగ్గర వసూలు చేయమని ఏ ఆడిటరూ రాయడు. గెజిటెడ్ అధికారికి రైలు టికెట్ విషయంలో ఇచ్చే ఈ మాత్రం వెసులుబాటు, ఆటో డ్రైవరు ఇంటి కరెంటు విషయంలో ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాలేదు.

ఆ ఇంట్లో ఏముందో చూడాలని కుతూహలం కలిగి, వాళ్ల అనుమతితోనే ఒక సాయంత్రం కాగితం, పెన్సిలు పట్టుకుని వెళ్లాను. రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు, ఒకటి ముందు గదిలో, ఒకటి లోపలి గదిలో. ఒకే తలుపున్న చిన్న ఫ్రిజ్. టీవీ, మిక్సీ, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, కుట్టు మిషనుకు తగిలించిన చిన్న మోటారు, ఇస్త్రీ పెట్టె. గీజరు లేదు, ఏసీ మాట అసలే లేదు. నీళ్ల మోటారు మా మీటరు మీదే ఉంది. ఇక మిగిలింది ఎయిర్ కూలరు. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. కూలరు 180 వాట్లు. రాత్రి పదింటి నుంచి తెల్లవారి ఎనిమిదింటి వరకు పది గంటలు నడిస్తే రోజుకు 1.8 యూనిట్లు, నెలకు 54. ఎండాకాలంలో ఫ్రిజ్ కూడా ఆగకుండా నడుస్తుంది. హైదరాబాద్‌లో మే నెలలో రేకుల గదిలో గాని, పై అంతస్తులేని స్లాబు కింద గాని నిద్రపోయినవారికి, ఆ కూలరు విలాసం కాదని నేను వేరే చెప్పనక్కర లేదు. కింది పోర్షన్ కాబట్టి వీళ్లకు కాస్త నయం. అయినా డెబ్బై దాటిన పెద్దావిడ ఆ గదిలోనే పడుకుంటుంది.

వాళ్ల వంటగది గోడకు దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. అందులో పాల ప్యాకెట్ల లెక్క, గ్యాసు బుక్ చేసిన తేదీ, చీటీల వాయిదా, ఇవన్నీ ఆయా తేదీల గడుల్లో పెన్సిలుతో రాసి ఉంటాయి. మే నెల తరువాత ఆ గడుల్లో మరో అంకె కూడా చేరింది. ప్రతి ఆదివారం ఉదయం ఆమె మెట్ల కింద ఉన్న మీటరు దగ్గర నిలబడుతుంది. ఆ అద్దంలో తేదీ వస్తుంది, సమయం వస్తుంది, ఏదో గరిష్ఠ లోడు వస్తుంది, వాటన్నిటి తరువాత కేడబ్ల్యూహెచ్, అంటే యూనిట్లు, అనే అక్షరాలతో అసలు అంకె వచ్చి రెండు మూడు క్షణాల్లో మాయమవుతుంది. దాన్ని పట్టుకుని క్యాలెండరులో రాసి, పోయిన వారం అంకెను తీసివేసి, రోజుకు ఎంత పడిందో చూసుకుంటుంది. నెలలో ఆఖరి వారం వచ్చేసరికి ఆ లెక్కను బట్టి ఇంట్లో ఏది ఆపాలో నిర్ణయమవుతుంది. జూన్ నెలలో మూడు రాత్రులు ఫ్రిజ్ ఆపేశారు. పెరుగు పులిసింది, పాలు రెండుసార్లు కాచవలసి వచ్చింది. పెద్దావిడ గదిలో కూలరు అర్ధరాత్రి తరువాత ఆగిపోయేది. ఇదంతా పొదుపే కదా అని ఎవరైనా అంటారేమో. నిజమే, 171 యూనిట్లతో ఆ నెల జీరో బిల్లు వచ్చింది కూడా. కానీ ఆ పొదుపు వెనక ఉన్నది కరెంటు ఖర్చు గురించిన ఆలోచన కాదు, వెయ్యి రూపాయల భయం.

అదే క్యాలెండరు పక్కన తగిలించిన కరెంటు బిల్లు చీటీల నుంచి ఈ అంకెలు తీసుకున్నాను: జనవరిలో 118 యూనిట్లు, ఫిబ్రవరిలో 126, మార్చిలో 149, ఏప్రిల్‌లో 187, మేలో 206, జూన్‌లో 171. ఎండాకాలం కలిసిన ఈ ఆరు నెలల సగటు 160 కూడా లేదు. మిగతా నెలలు కూడా కలిపితే ఇంకా తగ్గుతుంది. ప్రభుత్వం ఈ ఇంటికి ఇస్తానన్నది ఏడాదికి 2,400 యూనిట్లు అనుకుంటే, వాళ్లు దాని దరిదాపులకు కూడా వెళ్లడం లేదు. సంవత్సరమంతా కలిపి చూస్తే అర్హులే, ఒక్క మే నెల గడిలో పెట్టి చూస్తే అనర్హులు. సాయం అన్నింటికన్నా ఎక్కువగా కావలసిన నెలలోనే సాయం ఆగిపోతోంది.

ఇతర రాష్ట్రాలు ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నాయి. ఢిల్లీలో 2019 ఆగస్టు నుంచి 200 యూనిట్ల వరకు పూర్తి రాయితీ, 201 నుంచి 400 వరకు సగం రాయితీ, దానికి 800 రూపాయల పరిమితి పెట్టారు. అక్కడ 201వ యూనిట్ వాడినవాడు సాయాన్ని మొత్తం పోగొట్టుకోడు, సగానికి దిగుతాడు. తమిళనాడు 2016 నుంచి రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లను గృహ వినియోగదారులందరికీ ఉచితంగా ఇస్తోంది. ఎంత ఎక్కువ వాడినా ఆ వంద పోదు. పంజాబ్‌లో 2022 జూలై నుంచి నెలకు 300 యూనిట్ల ఉచిత పథకం వచ్చినప్పుడు, ఎస్సీలకు, బీసీలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి పరిమితి దాటితే దాటిన యూనిట్లకే బిల్లు అని రాసుకున్నారు. పొరుగున కర్ణాటకలో పథకం పేరు కూడా గృహజ్యోతే. అక్కడ ఇంటి పాత సగటును బట్టి అర్హత నిర్ణయించి, ఆ అర్హత దాటి 200 లోపు వాడితే తేడా మాత్రమే కట్టించుకుంటారు, 200 దాటితే మాత్రం మనలాగే మొత్తం కట్టాలి. కాబట్టి మంచి ఉదాహరణా ఉంది, మనలాంటి ఉదాహరణా ఉంది. మనం దేన్ని ఎంచుకుంటామన్నదే ప్రశ్న.

ఈ విషయం మీద నా ఆసక్తి పెరగడానికి ఇంకో కారణం ఉంది. మా అమ్మాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటుంది. మేము అక్కడికి వెళ్లి ఆరు నెలలున్నప్పుడు, పొద్దు గడవక వాళ్ల కౌంటీ (మన జిల్లా వంటిది) పాలకుల సమావేశాల ఎజెండాలు చదివేవాణ్ణి. ఆడిట్ వాళ్లకు ఈ జబ్బు రిటైరయినా పోదు. ఒక వారం అందులో 'గృహ ఇంధన బిల్లుల సాయానికి సంబంధించిన గ్రాంటు ఒప్పందానికి సవరణ' అనే అంశం కనిపించింది. రాష్ట్ర గృహనిర్మాణ శాఖకూ కౌంటీకీ మధ్య ఉన్న ఒప్పందం అది. ఏ క్లాజు మారుతోంది, పాత వాక్యం ఏమిటి, కొత్త వాక్యం ఏమిటి, సొమ్ము ఎంత పెరుగుతోంది, గడువు ఎప్పటి వరకు పొడిగిస్తున్నారు అన్నది మొత్తం సమావేశానికి మూడు రోజుల ముందే జనం ముందు పెట్టారు. ఎవరైనా వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. నిజానికి ఎవరూ వెళ్లలేదనుకుంటాను, అది వేరే సంగతి.

ఆ సాయానికి మూలమైన చట్టాన్ని అమెరికా 1981లో చేసింది. తక్కువ ఆదాయపు ఇళ్లకు ఇంధన సాయం అని దాని పేరు. కేంద్రం రాష్ట్రాలకు గ్రాంటు ఇస్తుంది, రాష్ట్రాలు కౌంటీలతో, స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందాలు చేసుకుంటాయి. నిధులు పెరిగినప్పుడల్లా ఆ ఒప్పందాలను సవరిస్తారు. కరోనా కాలంలో 2020లో 90 కోట్ల డాలర్లు, 2021లో 450 కోట్ల డాలర్లు అదనంగా వచ్చినప్పుడు ఇలాంటి సవరణలు దేశమంతా జరిగాయి. అది అన్ని విధాలా మన పథకం కన్నా గొప్పదని నేను అనను. అక్కడ నిధులు అయిపోతే అర్హత ఉన్నవాడికి కూడా లేదు పొమ్మంటారు. మన దగ్గర తెల్ల కార్డు ఉండి, సర్వీసు నంబరు జతపడిన ప్రతి ఇంటికీ వర్తిస్తుంది, ఈ విషయంలో మనమే నయం. కానీ సాయం పొందే రాష్ట్రం తప్పక ఇవ్వవలసిన హామీలని ఆ చట్టంలో కొన్ని వాక్యాలున్నాయి. కరెంటు సంస్థకు నేరుగా డబ్బు చెల్లించే చోట, అసలు బిల్లుకూ చెల్లించిన సాయానికీ మధ్య ఉన్న తేడాను మాత్రమే ఆ ఇంటి నుంచి వసూలు చేయాలని ఒక హామీ. ఎంత సాయం చెల్లించారో ఆ ఇంటికి తెలియజేయాలని ఇంకొకటి. సాయం తిరస్కరించినా, దరఖాస్తు మీద తగిన సమయంలో ఏమీ తేల్చకపోయినా, వాళ్ల మాట విని నిర్ణయించే విచారణకు అవకాశం ఇవ్వాలని మరొకటి. ఆదాయం అతి తక్కువ, ఇంధన ఖర్చు అతి ఎక్కువ ఉన్న ఇంటికి అందరికన్నా ఎక్కువ సాయం అందాలని కూడా అందులో ఉంది. మన షరతు సరిగ్గా దీనికి తలకిందులు: బిల్లు పెరిగిన నెలలోనే మన సాయం సున్నా అవుతుంది.

తేడా మాత్రమే వసూలు చేయాలన్న ఆ ఒక్క వాక్యాన్ని మన లెక్కకు అన్వయించి చూశాను. కింది పోర్షన్ వాళ్ల మే బిల్లులో ఇంధన చార్జీలు 1,066 రూపాయల 20 పైసలు. వాళ్లు సరిగ్గా 200 యూనిట్లు వాడి ఉంటే ప్రభుత్వం వాళ్ల తరఫున 820 రూపాయల ఇంధన చార్జీలు చెల్లించి ఉండేది. ఆ 820నే చెల్లించి, మిగతాది వాళ్లను కట్టమంటే, వాళ్ల వంతు 246 రూపాయల 20 పైసలు. అది ఆరు యూనిట్లకు తక్కువేమీ కాదు, పొదుపు చేయాలన్న బుద్ధి పుట్టించడానికి చాలినంతే. 300 యూనిట్లు వాడిన ఇంటికి ఇదే పద్ధతిలో లెక్కేస్తే మొత్తం 1,790, అందులో 820 పోగా 970 రూపాయలు ఆ ఇల్లు కడుతుంది. అంతకు మించి వాడేవారిని, అంటే ఇంట్లో ఏసీ ఉండవచ్చునని అనుమానించదగ్గ వారిని, పథకం బయటే ఉంచదలిస్తే 300 దగ్గర గీత గీయవచ్చు. అప్పుడు ఆ గీత దగ్గర కూడా ఒక చిన్న గట్టు మిగులుతుందని నాకు తెలుసు. అందుకని 201 దగ్గరి పెద్ద గట్టును అలాగే ఉంచాలని కాదు కదా.

ఖజానా మీద భారం పడుతుందని ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పవచ్చు. ఇప్పుడు పైసా ఇవ్వని నెలలకు 820 రూపాయలు ఇవ్వవలసి వస్తుంది కనుక భారం పడే మాట నిజం. కాని ఈ పద్ధతిలో ఏ ఇంటికీ ఏ నెలలోనూ, ఇంధన చార్జీల కింద, ప్రభుత్వం ఇప్పటికే సిద్ధపడ్డ గరిష్ఠ మొత్తాన్ని మించి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర లేదు. 200 యూనిట్లకు బడ్జెట్ వేసుకున్న ప్రభుత్వం, జనం ఎండకు తట్టుకోలేక ఆరు యూనిట్లు ఎక్కువ వాడడం వల్ల సొమ్ము మిగుల్చుకోవడం పథకపు ఉద్దేశం కాజాలదు. ఉచితం ఇస్తుంటే ఇంకా గొంతెమ్మ కోరికలా అని విసుక్కునేవారికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఇక ఈ షరతు ఎవరు, ఎక్కడ మార్చాలన్నది. 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వం ఏదైనా వర్గం వినియోగదారులకు రాయితీ ఇవ్వదలిస్తే, విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధరలో ఆ మేరకు సొమ్మును ముందుగానే పంపిణీ సంస్థకు చెల్లించాలి, చెల్లించకపోతే ఆ రాయితీ ఆదేశం చెల్లదు, మండలి నిర్ణయించిన ధరే అమలవుతుంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఈ రాయితీ లెక్కలను పంపిణీ సంస్థలు మూడు నెలలకోసారి, ఆ త్రైమాసికం ముగిసిన 30 రోజుల్లోగా, మండలికి నివేదించాలి. అంటే ప్రభుత్వానికీ పంపిణీ సంస్థకూ మధ్య సొమ్ము ఎప్పుడు, ఎంత చేతులు మారాలో చట్టం వివరంగా చెప్పింది. ఎవరి పేరున ఆ సొమ్ము మారుతోందో ఆ ఇంటివాడు మాత్రం ఈ ఏర్పాటులో ఎక్కడా పక్షం కాడు. యూనిట్ ధరను పది పైసలు పెంచాలంటే పంపిణీ సంస్థ ప్రతిపాదన పెట్టాలి, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు పిలవాలి, మండలి బహిరంగ విచారణ జరపాలి. ఒక ఇంటి బిల్లును ఒకే నెలలో సున్నా నుంచి వెయ్యికి తీసుకెళ్లే షరతుకు మాత్రం ఒక శాఖ జారీ చేసే ఉత్తర్వు చాలు. ఇదెక్కడి తూకమో పెద్దలు ఆలోచించాలి.

అయితే ఇందులో ఒక సౌలభ్యం కూడా ఉంది. ఉత్తర్వుతో వచ్చిన షరతు ఉత్తర్వుతోనే పోతుంది, శాసనసభ దాకా వెళ్లనక్కర లేదు. సచివాలయంలో పనిచేసినవారికి 'పై ఉత్తర్వులకు పాక్షిక సవరణగా' అనే మాట కొత్త కాదు. నా సర్వీసులో అలాంటి సవరణ మెమోలు కొన్ని వందలు చూశాను, కొన్నింటి ముసాయిదా నేనే రాశాను. కాబట్టి ఇంధన శాఖ వారికి శ్రమ తగ్గించడానికి, ఇలా ఉంటే సరిపోతుందని నాకు తోచిన వాక్యం ఇస్తున్నాను:

'గృహజ్యోతి పథకం మార్గదర్శకాలకు పాక్షిక సవరణగా, అర్హత కలిగిన గృహ వినియోగదారుని నెలసరి వినియోగం 200 యూనిట్లు దాటి 300 యూనిట్లకు మించని పక్షంలో, 200 యూనిట్ల వినియోగానికి ప్రభుత్వం చెల్లించదగిన మొత్తాన్ని ఆ వినియోగదారుని బిల్లులో మినహాయించి, మిగిలిన మొత్తాన్ని మాత్రమే వసూలు చేయవలెను. బిల్లింగ్ కాలం 30 రోజులకు ఎక్కువైనా తక్కువైనా, యూనిట్ల పరిమితిని రోజుల సంఖ్యను బట్టి దామాషాగా లెక్కించవలెను. ప్రభుత్వం చెల్లించిన మొత్తాన్ని, వినియోగదారుడు చెల్లించవలసిన మొత్తాన్ని బిల్లు చీటీపై తెలుగులో వేర్వేరుగా ముద్రించవలెను. సాయం వర్తింపజేయని పక్షంలో కారణాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.'

రోజుల దామాషా గురించి రాసింది ముందుజాగ్రత్తకే. రీడింగ్ తీసే కుర్రవాడికి జ్వరం వచ్చి రెండు రోజులు ఆలస్యమైతే, ఆ రెండు రోజుల కరెంటు ఎవరి లెక్కలోకి వస్తుందన్న తగవు మీటరు దగ్గర మొదలు కాకూడదు, ఉత్తర్వులోనే తేలిపోవాలి. కారణం రాసి ఇవ్వాలన్నది, కొత్తగా రేషన్ కార్డులు వచ్చి సర్వీసు నంబరు జత చేయించుకోవడానికి తిరుగుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. నోటిమాటగా 'సిస్టంలో రావడం లేదు' అంటే ఎవరూ అప్పీలు చేసుకోలేరు, కాగితం చేతిలో ఉంటే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకో, విద్యుత్ అంబుడ్స్‌మన్‌కో వెళ్లే దారి చట్టంలోనే ఉంది. ఈ ముసాయిదాను జారీ చేయడానికి ముందు పదిహేను రోజులు పత్రికల్లో పెట్టి అభిప్రాయాలు అడిగితే ఇంకా బాగుంటుంది. నా వాక్యంలో నాకు కనపడని లోపం ఏదైనా ఉంటే, బిల్లు కట్టే ఆడవాళ్లెవరో తప్పక పట్టుకుంటారు.

పంపిణీ సంస్థలు వచ్చే సంవత్సరపు ఆదాయ వ్యయాల అంచనాలను నవంబరు 30లోగా మండలి ముందు పెట్టాలి, ఆ తరువాత వాటిపై విచారణ జరుగుతుంది. ప్రభుత్వం ఎంత రాయితీ భరిస్తుందో తేలేది కూడా అప్పుడే. ఈ సవరణకు అయ్యే అదనపు మొత్తాన్ని లెక్కగట్టి అందులో చేర్చడానికి అదే సరైన సమయం. ఏ నెలలో ఎన్ని తెల్ల కార్డుల ఇళ్లు 200 దాటి 300 లోపు ఆగాయో పంపిణీ సంస్థల కంప్యూటర్లలో ఉంది, ఒక పూట పని. విచారణ తేదీ ప్రకటించగానే నేను కూడా నా అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా దాఖలు చేసి, అవకాశం ఇస్తే వెళ్లి మాట్లాడతాను.

ఈ లేఖ ప్రతిని ఇంధన శాఖకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కింది పోర్షన్ అమ్మాయి దీన్ని చదివి, తన పేరు గాని, వాళ్లాయన పేరు గాని వేయవద్దని కోరింది కనుక వేయలేదు. జవాబు ఎప్పటికి వస్తుందని అడిగింది. చెప్పలేనన్నాను. శివరాత్రితో చలి పోతుంది, ఆ తరువాత కూలరును అటక మీంచి దింపాలి, అప్పటికైనా వస్తుందా అని మళ్లీ అడిగింది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి,
మల్కాజిగిరి, హైదరాబాద్.